టెక్కలి నీలి గ్రానైట్‌తో చీజ్ పలక: ముక్క ఏరుకోవడం నుంచి అతిథుల ముందు పెట్టేదాకా

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పెద్ద పలకలను కొలతకు కోశాక జానెడు, మూరెడు ముక్కలు మిగులుతాయి. ఎగుమతికీ, ఇంటి నేలకీ పనికిరావని వాటిని గోడవారన పేరుస్తారు. చీజ్ పెట్టే పలకకు కావలసింది సరిగ్గా ఆ కొలతే. మిగతా చోట్ల ఇలాంటి పలక కోసం రాయిని వెతుక్కోవాలి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు రాయి ఇంటి పక్కనే ఉంది.

పని కష్టమైనది కాదు, కానీ నిదానం కావాలి. ఇలాంటి పలకలు పాడయ్యేది ఎక్కువగా రెండు చోట్ల: తప్పు ముక్కను ఎంచుకున్నప్పుడు, మన తీరప్రాంతపు ఉక్కలో చల్లటి రాయిని ఎలా వాడాలో తెలియనప్పుడు. అందుకే ఈ రెండింటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఏ రాయి, ఎందుకు

టెక్కలి నీలి రాయి అని వ్యాపారంలో పిలిచేది బూడిద కలిసిన నీలి రంగు మీద తెల్లటి, నల్లటి అలల చారలు, అక్కడక్కడ ఎర్రటి గార్నెట్ చుక్కలు ఉండే రాయి. బజారులో గ్రానైట్ అంటారు గానీ నిజానికి నైస్ (gneiss) అనే చారల రాళ్ల జాతికి చెందినది. తూర్పు కనుమల్లో, భూమి లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై ఖనిజాలు పొరలుగా సర్దుకుంటే ఆ చారలు ఏర్పడ్డాయి. చారలు అందం కోసమే కాదు, రాయి ఏ దిక్కున సులువుగా విరుగుతుందో చెప్పే గుర్తులు కూడా. కోత దగ్గర ఇది పనికొస్తుంది.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే మోహ్స్ కొలతలో, ఈ రాయిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం కాఠిన్యం 7, ఫెల్డ్‌స్పార్ అనేదానిది 6. చీజ్ కత్తి ఉక్కు సుమారు 5.5. అంటే కత్తి రాయిని గీయలేదు, రాయే కత్తిని మొద్దుబారుస్తుంది. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ పడినా రాయి కరగదు.

పాలరాయి అలా కాదు. అది పులుపుకు కరిగే కాల్సైట్ అనే ఖనిజం, కాఠిన్యం 3. నిమ్మచెక్క ఒక్క నిమిషం ఉంటే చాలు, తెల్లటి మచ్చ పడి మెరుపు పోతుంది. కడప నల్ల బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ చూడటానికి గట్టిగా ఉన్నా అవన్నీ సున్నపురాయే. పులుపు తగిలితే వీటికీ అదే గతి. మార్కాపురం పలకరాయి చీజ్‌కి బాగా నప్పుతుంది, నల్లటి పలక మీద సుద్దతో చీజ్ పేరు రాసుకోవచ్చు కూడా. అయితే అది పొరల రాయి, అంచుల్లో రేకులు లేస్తుంది. రేకులు లేచిన పలకను తిండికి వాడకూడదు.

విజయనగరం చుట్టూ కొండల్లో కనిపించే ఎర్ర గోధుమరంగు రాయి ఖోండలైట్. ఎండకీ వానకీ నాని గుల్లబారి ఉంటుంది. నూనెనూ నీటినీ పీల్చేస్తుంది, లోపలిది కడిగినా పోదు. దానిని ఈ పనికి వాడొద్దు. ఏ కొండ మీదినుంచీ, క్వారీలోంచీ రాయి ఏరుకురావద్దు. యూనిట్‌లో కొని బిల్లు తీసుకోండి.

ముక్కను పరీక్షించే పద్ధతి

యూనిట్‌కి వెళ్లినప్పుడు ఒక సీసాలో నీళ్లు, పాత గుడ్డ, చిన్న సుత్తి, కొంచెం అసిటోన్ పట్టుకెళ్లండి. గోళ్ల రంగు తుడిచే ద్రవాలు కొన్నింటిలో ఉండేది అసిటోనే.

మొదట వెనకవైపు చూడండి. గాజు నారతో అల్లిన వల అంటించి ఉంటే ఆ ముక్క వదిలేయండి. పెద్ద పలకలు రవాణాలో విరగకుండా వెనక ఆ వల వేసి, ముందువైపు నెర్రల్లోకి ఎపాక్సీ రెసిన్ అనే గట్టిపడే జిగురు దించుతారు. నేలకూ గట్టుకూ ఇబ్బంది లేదు గానీ, తినేవి నేరుగా పెట్టే పలకకు అది వద్దు. వల లేకపోయినా పక్క అంచుల మీద జిగురు కారి గట్టిపడిన చారలుంటే రెసిన్ పట్టించారని అర్థం. యూనిట్ వాళ్లను “రెసిన్ పట్టని, నెట్ వేయని ముక్క కావాలి” అని అడిగితే వాళ్లే తీసిస్తారు.

తరవాత మోత. ముక్కను రెండు చెక్క ముక్కల మీద ఆనించి సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే లోపల గట్టిగా ఉంది. దబ్‌మని చచ్చు చప్పుడు వస్తే ఎక్కడో నెర్ర ఉంది.

ఆ నెర్ర కంటికి కనిపించాలంటే ముక్కంతా తడిపి గుడ్డతో తుడిచి, ఆరుతుండగా గమనించండి. చుట్టూ ఆరిపోయాక కూడా సన్నటి నల్ల గీత తడిగానే ఉండిపోతే అదే పగులు. చారకూ పగులుకూ తేడా తెలియక తికమక పడేవాళ్లకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఇక పీల్చుడు పరీక్ష. ఒక చెంచా నీళ్లు మీద పోసి 10 నిమిషాలు ఆగి తుడవండి. కింద రాయి రంగు ముదిరితే నీటిని పీలుస్తోంది. కొద్దిగా ముదిరి పావుగంటలో మామూలైతే సీలర్‌తో (రాయిలోని సన్న రంధ్రాలను మూసే ద్రవంతో) సర్దుకోవచ్చు. గంటకు కూడా మచ్చ పోకపోతే వేరే ముక్క చూసుకోవడం మేలు.

నల్లటి ముక్క నచ్చితే అసిటోన్ ముంచిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే అది రంగు వేసిన రాయి. నలుపు ఎంత నిగనిగలాడినా వద్దు. ఆఖరిగా, తుప్పు రంగు చుక్కలున్న ముక్కను పక్కన పెట్టండి. రాయిలోని ఇనుము ఖనిజాలు నీరు తగిలి తుప్పు పట్టినప్పుడు అలా వస్తాయి. కడిగేకొద్దీ ఆ చుక్కలు పెరుగుతాయి.

కొలతలు, బరువు

గ్రానైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు. 30 × 20 సెం.మీ. పలక 18 మి.మీ. మందంలో దాదాపు 2.9 కిలోలు తూగుతుంది, నలుగురికి చాలుతుంది. 40 × 25 సెం.మీ. అయితే అదే మందంలో 4.9 కిలోలు. ఆరు నుంచి ఎనిమిది మందికి వస్తుంది గానీ, బల్ల మీద ఒకచోట పెట్టి ఉంచాల్సిందే, చేతులు మార్చలేం. మొదటిసారి చేసేవాళ్లు చిన్నదే చేయండి.

16 నుంచి 20 మి.మీ. మందం బాగుంటుంది. అంతకన్నా పలచనైతే పిడి దగ్గర విరుగుతుంది, మందమైతే బరువు తప్ప లాభం లేదు. చెక్కిన గరుకు అంచు కావాలనుకుంటే మాత్రం 30 మి.మీ. ముక్క తీసుకోండి. కావలసిన కొలతకన్నా ప్రతి వైపూ కనీసం 3 సెం.మీ. ఎక్కువున్న ముక్క ఎంచుకోండి, పెచ్చులూడిన అంచు పోగా మంచి రాయి మిగలాలి.

సామాను

4 అంగుళాల మార్బుల్ కట్టర్, దానికి గ్రానైట్‌కి సరిపోయే డైమండ్ బ్లేడ్. వేగం మార్చుకునే వీలున్న పాలిషర్, 4 అంగుళాల తడి డైమండ్ ప్యాడ్లు: 50, 100, 200, 400, 800 నంబర్లవి (నంబరు పెరిగేకొద్దీ సాన నునుపవుతుంది). మెరుపు కూడా కావాలంటే 1500, 3000. మామూలు గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఈ ప్యాడ్లలో చాలావాటి హద్దు 4,500 చుట్ల లోపే. గ్రైండర్‌కి తగిలిస్తే ప్యాడ్ కరిగి రాయి మీద అంటుకుంటుంది, విడిపోయి ఎగిరిపడొచ్చు కూడా. వేగం మార్చే పాలిషర్ దొరక్కపోతే చేతి డైమండ్ ప్యాడ్లు తీసుకోండి. సమయం రెండింతలు, మూడింతలు పడుతుంది గానీ చిన్న పలకకు చేతి పని నిజంగా బాగా వస్తుంది.

ఇవికాక మైనపు క్రేయాన్, కాగితపు టేపు, ఉక్కు స్కేలు, రాయికి రంధ్రం వేసే గొట్టం లాంటి డైమండ్ కోర్ బిట్ 20 మి.మీ.ది ఒకటి, నీళ్ల సీసా, రెండు ప్లాస్టిక్ టబ్బులు.

జాగ్రత్తల్లో రెండింటికి మినహాయింపు లేదు. ఒకటి, ఎండు కోత వద్దు, ఒక్క గీత కూడా. గ్రానైట్ దుమ్ములోని క్వార్ట్జ్ రేణువులు ఊపిరితిత్తుల్లోకి దిగి సిలికోసిస్ తెస్తాయి. ఆ జబ్బు ఒకసారి పడితే వెనక్కి తగ్గదు. క్వారీ ఊళ్లలో దీని గురించి విడిగా చెప్పాల్సిన పని లేదు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. నీళ్లతో కోస్తున్నా ఎన్95 మాస్క్ ఉండాలి, కళ్లద్దాలు, చెవులకు రక్షణ ఉండాలి. రెండు, నీరూ కరెంటూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న ప్లగ్‌కే పెట్టండి, కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకోండి. వైరు ప్లగ్ దగ్గరకు వెళ్లేముందు కిందికి వేలాడేలా ఉంటే వైరు వెంట కారిన నీరు ప్లగ్‌లోకి పోదు.

ఇంట్లో ఈ ఏర్పాటు చేసుకోలేకపోతే కోత, రంధ్రం యూనిట్‌లోనే చేయించుకోండి. అక్కడ నీళ్ల కట్టర్లు ఉంటాయి, పని నిమిషాల్లో అయిపోతుంది. అంచులు, సాన ఇంట్లో చేతితో చేసుకున్నా అది చేతిపని పలకే.

కోత

1. చారలు పలక పొడవు దిక్కున వచ్చేలా గీత గీయండి. రాయి చారల వెంట సులువుగా చీలుతుంది. పలకను పిడి పట్టుకుని ఎత్తినప్పుడు బలం పొడవు మీద పడుతుంది, చారలు అడ్డంగా ఉంటే అక్కడే విరుగుతుంది. అడ్డ చారలు ఎంత అందంగా ఉన్నా ఈ ఒక్క విషయంలో రాయి మాటే వినాలి.

2. గీత మీద కాగితపు టేపు అంటించి దాని మీద మళ్లీ గీయండి. టేపు ఉంటే పై పెచ్చులు తక్కువ లేస్తాయి.

3. ముక్కను తడి ఇసుక మీదో, మందపాటి రబ్బరు షీటు మీదో పూర్తిగా ఆనేలా పెట్టండి. కోసి తీసే భాగానికి కూడా కింద ఆనుడు ఉండాలి. అది గాల్లో ఉంటే చివరి అంగుళం దగ్గర బరువుకు తనంత తాను విరిగి మూల ఊడదీస్తుంది.

4. మొదటి గీత 1 నుంచి 2 మి.మీ. లోతే. ఆ గాడి తిన్నగా వస్తే మిగతావన్నీ దాని వెంటే పోతాయి. తరవాత ఒక్కో దఫా 3 నుంచి 4 మి.మీ. 18 మి.మీ. ముక్కకు ఐదారు దఫాలు పడుతుంది. కట్టర్‌ను తొయ్యొద్దు, దాని దారిన పోనివ్వండి. నీటి ధార ఆగకూడదు.

5. అసలు గీతకు 1 మి.మీ. బయట కోయండి. ఆ మిల్లీమీటరు సానలో పోతుంది.

బ్లేడ్ నెమ్మదించి నిప్పురవ్వలు వస్తుంటే వజ్రపు రేణువుల మీద లోహం కప్పేసిందన్నమాట. ఎర్ర ఇటుక ముక్కలో నాలుగైదు గీతలు కోస్తే మళ్లీ పదునొస్తుంది, ఇదీ నీళ్లతోనే.

పిడి, రంధ్రం

పలకకు పిడి కోయాలనుకుంటే పిడి పలకను కలిసే లోపలి మూలలు చూడండి. విరిగిన పలకల్లో పగులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. రెండు గీతలు పదునుగా కలిసిన మూలలో ఒత్తిడంతా ఒక బిందువు మీద చేరుతుంది. అందుకని ముందు రెండు మూలల్లోనూ 20 మి.మీ. కోర్ బిట్‌తో రంధ్రాలు వేసి, తరవాత ఆ రంధ్రాల దాకా కోయండి. మూల 10 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా వస్తుంది. పిడి వెడల్పు 5 సెం.మీ.కు తగ్గొద్దు.

రంధ్రం వేసేటప్పుడు డ్రిల్‌లో సుత్తి మోడ్ తప్పకుండా ఆపేయండి. చుట్టూ మట్టితో చిన్న కట్ట కట్టి లోపల నీళ్లు నింపండి. బిట్‌ను మొదట ఒరగా పెట్టి గాడి పడ్డాక నిలబెట్టండి. సగం లోతు వెళ్లాక తిరగేసి రెండోవైపు నుంచి పూర్తి చేయండి. ఒకవైపునుంచే నెడితే అడుగున పళ్లెమంత పెచ్చు ఊడుతుంది. ఏ రంధ్రమైనా అంచుకు కనీసం 15 మి.మీ. లోపల ఉండాలి.

పిడి కోయకుండా రెండు చివరలా ఇత్తడి పిడులు బిగించడం ఇంకా మంచి పద్ధతి, రాయి బలం తగ్గదు. సరుబుజ్జిలి మండలం బుడితిలో కంచు, ఇత్తడి పనికి పేరున్న కళాకారులు ఉన్నారు. టెక్కలి రాయికి బుడితి ఇత్తడి కలిస్తే ఆ పలక పూర్తిగా శ్రీకాకుళానిదే అవుతుంది. 6 మి.మీ. రంధ్రాలు, 5 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు, రాయికీ లోహానికీ మధ్య రబ్బరు వాషర్లు చాలు. బోల్టును చేతి బిగువు మీద పావు చుట్టు మించి తిప్పొద్దు. కళాయి లేని ఇత్తడి పులుపుతో కలుస్తుంది కాబట్టి చీజ్‌నూ పళ్లనూ పిడికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి.

అంచులు

కోసిన అంచు కత్తిలా ఉంటుంది, చేతికీ ప్రమాదమే, తానూ త్వరగా పెచ్చులూడుతుంది. పై అంచు, కింది అంచు రెండూ 45 డిగ్రీల వాలులో 2 నుంచి 3 మి.మీ. తీసేయండి. 100 నంబరు ప్యాడ్‌తో మొదలుపెట్టి 400 దాకా వెళ్లండి. కింది అంచును వదిలేసేవాళ్లు చాలామంది. బల్ల మీంచి పలక ఎత్తేటప్పుడు వేళ్లు దూరేది అక్కడే.

గరుకు అంచు కావాలంటే సాన పట్టకముందే చెక్కాలి. ముక్కను ఇసుక సంచి మీద పెట్టి, వెడల్పు మొన ఉన్న కార్బైడ్ ఉలిని అంచుకు 8 నుంచి 10 మి.మీ. లోపల, కొద్దిగా బయటికి ఒంచి పెట్టి, ఒకే గట్టి దెబ్బ వేయండి. మెల్లగా పదిసార్లు కొడితే పొడి రాలుతుంది గానీ పెళ్ల రాదు, లోపల సన్న నెర్రలు పుడతాయి. తరవాత 200 ప్యాడ్‌ను చేత్తో తిప్పి గరుకు మొనలు తీసేయండి. గరుకు అంచు రెండు పొడవు వైపులకే ఉంచండి. నాలుగు వైపులా ఉంటే కడగడం కష్టం.

సాన

ఫ్యాక్టరీ పాలిష్ ఉన్న వైపును అలాగే వాడొచ్చు. మా ఓటు మాత్రం 400 దగ్గర ఆపిన, మెరుపు లేని మాట్ ముఖానికి. అద్దంలా మెరిసే రాయి మీద వేలిముద్రలు, చీజ్ నూనె చారలు వెంటనే కనిపిస్తాయి, మెత్తటి చీజ్ ముక్క జారుతుంది. 400 దగ్గర నీలం కొంచెం వెలవెలబోయినా చారలు శాంతంగా, నిండుగా ఉంటాయి. మాట్ ముఖం కొంచెం ఎక్కువ పీలుస్తుంది, దానికి ఉపాయం కింద ఉంది.

ఫ్యాక్టరీ మెరుపు పోగొట్టడానికి 200తో మొదలుపెట్టి 400తో ముగించండి. రంపపు గీతలున్న వెనకవైపు కావాలనుకుంటే 50 నుంచి మొదలుపెట్టాలి, ఒక్క నంబరూ దాటేయొద్దు. పాలిషర్ వేగం 2,000 నుంచి 3,000 చుట్లు, నీరు సన్నగా కారుతూ ఉండాలి. ప్యాడ్ రాయికి సమంగా ఆనాలి. అంచు మీద ఒరిగితే అర్ధచంద్రం లాంటి గాడి పడుతుంది, అది తీయడానికి మళ్లీ 50కి వెళ్లాలి.

ఒక నంబరు పని అయిందో లేదో చూసే పద్ధతి ఇది. రాయి మీద మైనపు క్రేయాన్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, అవి పూర్తిగా పోయేదాకా సాన పట్టండి. ఎక్కడ రంగు మిగిలితే అక్కడ పల్లం ఉంది. తరవాత కడిగి, పూర్తిగా ఆరనిచ్చి ఎండకు ఒరగా పట్టి చూడండి. తడి రాయి గీతలను దాచేస్తుంది, అందుకే తొందరపడ్డవాళ్లకు ఆరాక నిరాశ. పాత నంబరు గీత కనిపిస్తే ముందుకు వెళ్లకండి, 100 వేసిన గీతను 400 తీయలేదు. నంబరు మార్చే ప్రతిసారీ రాయినీ టబ్బునూ చేతులనూ కడగండి. 50 నంబరు రేణువు ఒకటి మిగిలినా చివరి ముఖం మీద పొడవాటి గీత లాగుతుంది.

సాన నీటిని మోరీలో పోయొద్దు. టబ్బులో రాత్రంతా ఉంచితే ముద్ద అడుగున తేరుతుంది. పై నీరు వంపేసి, ముద్దను తడిగా ఉండగానే సంచిలో కట్టి ఇంటి కట్టుబడి చెత్తలో వేయండి. ఆరితే మళ్లీ దుమ్మే.

కడగడం, సీలర్

గిన్నెల సబ్బు, నైలాన్ బ్రష్‌తో అంచులు, రంధ్రాలు బాగా తోమి, మూడు నాలుగు నీళ్లు మార్చి కడగండి. తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు అంటకూడదు. రెండు రోజులు గాలి తగిలేచోట ఆరనివ్వండి.

ఇప్పుడు నీటి చుక్క పరీక్ష మళ్లీ చేయండి. 10 నిమిషాలకు రంగు మారకపోతే ఏమీ పూయొద్దు, ఊరికే ఉన్న రాయి అన్నిటికన్నా నయం. మారితే, ఆరాక తిండి తగిలినా సురక్షితమని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న, లోపలికి ఇంకే రకం సీలర్ కొనండి. గుడ్డతో పలచగా పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, పైన మిగిలింది ఒక్క చుక్క లేకుండా తుడవండి. మిగిలితే పొగమంచులాంటి జిడ్డు పొర గట్టిపడి, అది ఊడి చీజ్‌లో కలుస్తుంది. చెప్పిన గడువు గడిచేదాకా వాడొద్దు.

నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె పూయడం మంచిది కాదు. కొత్తలో రంగు ముదిరి బాగా కనిపిస్తుంది, కొన్ని వారాలకు లోపల ఇంకిన నూనె కనరు వాసన కొడుతుంది. ఆ వాసన ముందు పట్టేది చీజ్‌కే.

అడుగున నాలుగు సిలికాన్ బొడిపెలు, 10 నుంచి 12 మి.మీ. వెడల్పువి, మూలలకు 3 సెం.మీ. లోపల అంటించండి. అంటించే చోటును స్పిరిట్‌తో తుడవకపోతే మొదటి కడుగుకే ఊడతాయి.

చల్లదనం, చెమట

రాతి పలక మీద చీజ్ చల్లగా ఉంటుందని అందరూ అంటారు. సగమే నిజం. గది వేడిమిలో ఉన్న రాయి చేతికి చల్లగా అనిపించేది అది మన చేతి వేడిని చెక్కకన్నా చాలా వేగంగా లాక్కుంటుంది కాబట్టి. గది 32 డిగ్రీలుంటే రాయీ 32 డిగ్రీలే, చీజ్‌ను అది చల్లబరచలేదు. నిజంగా చల్లగా ఉంచాలంటే రాయిని ముందే చల్లార్చాలి. అప్పుడు చెమట సమస్య మొదలవుతుంది.

గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉంటే (మన తీరంలో ఇది మామూలే) 25 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీటి బొట్లు పేరుకుంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన రాయి 5 నుంచి 10 డిగ్రీల్లో ఉంటుంది. రెండు నిమిషాల్లో పలకంతా తడే. చీజ్ అడుగు జిగటవుతుంది, బిస్కెట్లు మెత్తబడతాయి, జీడిపప్పు కరకర పోతుంది. అదే ఏసీ గదిలో 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే చెమట పట్టే హద్దు 14 డిగ్రీలకు దిగుతుంది.

కాబట్టి ఏసీ గది ఉన్నవాళ్లు పలకను 30 నుంచి 40 నిమిషాలే ఫ్రిజ్‌లో ఉంచండి, రాత్రంతా వద్దు. పెట్టేముందే పలకను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. బయటికి తీశాక ఏసీ గదిలోనే 10 నిమిషాలు సంచిలోనే ఉంచితే, పట్టే నీరంతా సంచి మీద పడుతుంది గానీ రాయి మీద పడదు. 3 కిలోల పలక సుమారు అరగంట, నలభై నిమిషాలు చల్లదనం ఇస్తుంది.

ఏసీ లేని ఇంట్లో పలకను చల్లార్చొద్దు. నీడలో ఉంచి పొడిగా వాడండి, చీజ్‌ను కొద్ది కొద్దిగా తెచ్చి పెట్టండి. ఫ్రీజర్ ఎవరికీ వద్దు. గడ్డకట్టిన రాయిని వేడి నీళ్లతో కడిగితే చారల వెంట పగులుతుంది.

అతిథుల ముందు

భోజనానికి ముందు చిరుతిండిగా అయితే మనిషికి 50 నుంచి 60 గ్రాముల చీజ్ లెక్క. ఆరుగురికి 350 గ్రాములు, మూడు రకాలు చాలు: చెడ్డార్ లాంటి గట్టిది, గౌడా లాంటి నడిమి రకం, బ్రీ లాంటి మెత్తనిది. శాకాహారులు వస్తుంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. విదేశీ చీజ్‌లు కొన్నింటిలో పాలు విరవడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

గట్టి చీజ్‌ను ఏసీ గదిలో అరగంట ముందు, ఉక్కగా ఉంటే 10 నిమిషాల ముందు బయటికి తీయండి. ఒక్కోదాని మధ్య నాలుగు వేళ్ల ఎడం, కోసేటప్పుడు ఒక్కోదానికి వేరే కత్తి. మెత్తనిది అంచు దగ్గర, మీగడ పూసే చెక్క గరిటతో. పనీర్, ఫెటా లాంటి నీరూరే వాటి కింద అరిటాకు ముక్కో, కడిగి తుడిచిన పచ్చి అడ్డాకో వేయండి. ఏజెన్సీ సంతల్లో విస్తళ్లకు అమ్మే ఆకే అది. నీరు పక్కవాటికి పాకదు, నీలి రాయి మీద పచ్చటి ఆకు చూడముచ్చటగా ఉంటుంది.

తోడుగా దూరం నుంచి ఏమీ తేవక్కర్లేదు. పలాస జీడిపప్పును ఉప్పు లేకుండా దోరగా వేయించి చెడ్డార్ పక్కన పెట్టండి. తాటిబెల్లం చిన్న పలుకులు గౌడాకు బాగా కుదురుతాయి. ఉద్దానం పనస తొనలు సన్నగా చీరి బ్రీ పక్కన పెట్టొచ్చు, ఆ తీపి వాసనకు బ్రీ ఉప్పదనం సరితూగుతుంది. చోడి (రాగి) పిండి బిస్కెట్లు ఏ రకానికైనా సరే. సీతంపేట అనాస ఎంత తియ్యనిదైనా పలక మీద వద్దు, విడి గిన్నెలో పెట్టండి. పచ్చి అనాసలోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాల మాంసకృత్తులను విరగ్గొడుతుంది, తగిలిన చీజ్ చేదెక్కుతుంది. ఆవకాయ కావాలన్నవాళ్లకు చిన్న గిన్నెలో ఇవ్వండి.

రాయి మీద కోయొద్దు. ముక్కలు ముందే చెక్క మీద కోసి పేర్చండి. గది 32 డిగ్రీలు దాటితే గంటకు, లేకపోతే రెండు గంటలకు మించి చీజ్ బయట ఉండకూడదు. మెత్తని రకాల్లో మిగిలింది మళ్లీ దాచొద్దు.

మరకలు

చీజ్ జిడ్డు, నూనె: తినే సోడాను నీళ్లతో వడల పిండి అంత గట్టిగా కలిపి మరక మీద 5 మి.మీ. మందాన వేయండి. ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచి, తీసేసి ఆరనివ్వండి. ముద్ద ఆరేకొద్దీ నూనెను పైకి లాగుతుంది. పాత మరకకు రెండు మూడు సార్లు పట్టొచ్చు.

పసుపు: సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకు నిలవదు.

బూడిదరంగు గీతలు: అవి రాయికి పడ్డ గాట్లు కావు, కత్తి ఉక్కు అరిగి అంటినవి. తడి సోడాతో రుద్దితే పోతాయి.

బాత్‌రూం యాసిడ్, తుప్పు తీసే ద్రవాలు దగ్గరకు రానివ్వొద్దు. రాయిలోని ఇనుము ఖనిజాలను యాసిడ్ కరిగించి పసుపు మచ్చలు తెస్తుంది. తుప్పు తీసే ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటే అది గ్రానైట్‌నే తినేస్తుంది. ఇత్తడి పిడులను చింతపండుతో తోముకోవచ్చు, ఈ రాయికి ఏమీ కాదు. వెంటనే కడిగేస్తే చాలు.

పలకను నిలబెట్టి దాచేటప్పుడు అడుగున గుడ్డ వేసి పొడవు అంచు మీద నిలబెట్టండి, పిడి మీద కాదు. అంచున చిన్న పెచ్చు ఊడితే 200, 400 ప్యాడ్లతో ఆ వాలును ఇంకో మిల్లీమీటరు పెంచితే కలిసిపోతుంది. పిడి దగ్గర నెర్ర పడితే మాత్రం అతికించి మళ్లీ తిండికి వాడొద్దు. నెర్ర దాకా కోసేసి, మిగిలినదాన్ని పిడి లేని చిన్న పలకగా చేసుకోండి.